గౌరీసు చెవిలో నా గొంతు

మార్చి 9

ఈ రోజు పొద్దున్న సముద్రంలోని నాచు డెక్కు మీద గౌరీసు ఒక్కడే వరస మొత్తం చేశాడు. నేను పంపు గది నీడలో నిలబడి చూశాను. నాచు పడవ రాగానే తడి మోపులు దించుకోవాలి, పందిళ్ల తీగల మీద పలచగా పరచాలి, పంగలకర్రతో తిరగేయాలి, ఎండ మితిమీరిందని హెచ్చరించే ఎండకూత మోగేలోపు ఆరినదాన్ని బస్తాలకెత్తి డెక్కు కిందికి దిగిపోవాలి. ఇంతే పని అనిపిస్తుంది. ఏ పని తర్వాత ఏది అన్నది వాడికి పట్టుబడేసరికి శీతాకాలం దాటిపోయింది.

గౌరీసుకి ఇరవై ఏడేళ్లు. నెమ్మదిగా నేర్చుకుంటాడు, నేర్చుకున్నది మర్చిపోడు. ఒకేసారి రెండు మాటలు చెబితే రెండూ పోతాయి. చుట్టూ ఉన్నది ఉన్నట్టుండి మారితే భయపడి కూలబడిపోతాడు. అందరికీ పని చట్టం ప్రకారం అలాంటివాళ్ల పక్కన కొంతకాలం ఒక పనితోడు ఉంటుంది. వాడి పనితోడుని నేను. శాఖవాళ్లకి పంపే రోజువారీ నివేదికలో గళ్లు నింపడమే తప్ప మనుషుల గురించి రాయడానికి చోటుండదు, అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

చట్టం రెండు అవకాశాలిస్తుంది. గౌరీసు మొదటిది చిప్పల షెడ్డులో పోగొట్టుకున్నాడు. అక్కడ గంట మార్చారు, కొత్త మోత విని బల్ల కింద దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఇది రెండోది. ఇదీ పోతే పనికి తగడని రాసేసి కొండవాసానికి పంపిస్తారు. కొండవాసంలో తిండికి లోటుండదు, పని ఉండదు. అక్కణ్ణుంచి గట్టుపట్నానికి తిరిగొచ్చినవాళ్లెవరూ నాకు తెలియదు.

నా గడువు అయిపోవచ్చింది. ఇవాళ శాఖ నుంచి శశిరేఖ మేడమ్ వచ్చి వాడికి చెవిపలుకు అమర్చారు. చింతగింజంత ఉంది. నేను వెళ్లిపోయాక అందులోంచి నా గొంతే పలుకుతుందట. పోయిన నెలలో నన్నో గదిలో కూర్చోబెట్టి పొద్దుటినుంచి సాయంత్రం దాకా మాటలు చదివించింది ఇందుకే.

మార్చి 14

చివరి రోజు. చెవిపలుకు మొదటిసారి పలికినప్పుడు గౌరీసు గిర్రున తిరిగి నా కోసం చూశాడు. నా నోరు కదలడం లేదు. వాడికి నవ్వొచ్చింది. అక్క ఎక్కడుంది అని నేనే అడిగితే నన్ను చూపించి, తర్వాత చెవిని చూపించాడు. అది యంత్రం, నేను కాదు అని చెప్పాను. అవునన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ చెవే చూపించాడు.

పక్క వరసలో పనిచేసే పోలమ్మ అదంతా చూస్తూ, పోయినవాళ్ల గొంతు వినిపించినట్టుంటాదమ్మా అంది. ఆవిడకి అరవై దగ్గర పడుంటాయి, నోటికొచ్చింది అనేస్తుంది. నేను పోలేదుగా అన్నాను.

నివేదికలో ‘స్వతంత్రం’ అన్న గడి మీద వేలు నొక్కి నివేదిక మూసేశాను. లాంచీ ఎక్కాక చూస్తే వాడు వెనక్కి తిరిగి తీగల మీద నాచు సర్దుకుంటున్నాడు. సంతోషించాలి. ఇంటికొచ్చి గిన్నెలన్నీ రెండోసారి తోమాను.

ఏప్రిల్ 2

నన్ను వలల షెడ్డుకి వేశారు. అక్కడ కుడిచెయ్యి లేని ఒకతను వల కుట్టే యంత్రం నేర్చుకుంటున్నాడు. చకచకా అందుకుంటున్నాడు, నా అవసరం పెద్దగా లేదు. మధ్యాహ్నం పూట కాళ్లు ఊరికే లాంచీ రేవు వైపు పోతున్నాయి.

ఇవాళ గౌరీసు వాళ్ల వదిన చిన్నమ్మలు బజార్లో కనపడింది. వాడిని చిన్నప్పటినుంచీ పెంచింది ఆవిడే. అన్న తుఫానులో పోయినా వదిన వాడిని వదల్లేదు. పని బాగానే చేస్తున్నాడని, అందరూ మెచ్చుకుంటున్నారని మురిసిపోయింది. వెళ్లబోతూ ఆగి, ఒక్కటే బెంగ అంది. కారియరు కట్టింది కట్టినట్టే తిరిగొస్తోందట. అడిగితే, అక్క తర్వాత తినమంది అంటున్నాడట.

“నువ్వట్టా సెప్తావా అమ్మా?” అని అడిగింది.

నేను చెప్పలేదు. ఆ మాట ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక, కనుక్కుంటానన్నాను.

ఏప్రిల్ 5

సెలవు పెట్టి డెక్కుకి వెళ్లాను. గౌరీసు నన్ను చూసి చెయ్యి ఊపాడు గానీ కర్ర వదల్లేదు. చిక్కిపోయాడు.

డెక్కు మేస్త్రీ జోగినాయుడు దాచిపెట్టలేదు. పంపు గదిలో గోడకున్న పలక చూపించాడు. దాని మీద ఆయన ఏం టైపు చేస్తే అది నా గొంతుతో గౌరీసు చెవిలో పడుతుంది. నా ఎదుటే ‘రెండో పందిరి తడిగా ఉంది’ అని కొట్టాడు. బయట ఎండలో గౌరీసు రెండో పందిరి దగ్గరికి నడిచాడు.

“అదేగా మేడమ్ దాని పని,” అన్నాడు. మిగతావాళ్లు ఒకటి చెబితే నాలుగు అడుగుతారని, ఈ కుర్రాడు అడగడని, నా గొంతు చెబితే మరీ అడగడని అన్నాడు. పడవలు ఆలస్యంగా వచ్చిన రోజున తిండి వెనక్కి జరగడం అందరికీ ఉన్నదేనట. అందరూ ఆలస్యంగానైనా తింటారు, వీడు మళ్లీ నేను చెప్పేదాకా తినడు. అది తనకి గుర్తుండదని ఒప్పుకున్నాడు. ఇకమీదట తినమని కూడా టైపు చేస్తానని మాటిచ్చాడు.

చెడ్డవాడిలా లేడు. అదే నాకు మింగుడుపడటం లేదు. తిట్టడానికి ఒక మనిషి దొరికితే తేలిగ్గా ఉండేది.

ఏప్రిల్ 21

నిద్ర సరిగ్గా లేదు. వలల షెడ్డులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతున్నాను. ఈ క్షణాన నా గొంతు అక్కడ ఏం చెబుతోందో అనిపిస్తోంది.

మే 6

గౌరీసు ఆసుపత్రిలో ఉన్నాడు.

పొద్దున్నే ఎండకూత మోగింది. ఈ వేసవిలో ఇంత తొందరగా ఎప్పుడూ మోగలేదు. మోగగానే అందరూ చేతిలో ఉన్నది అక్కడే పడేసి డెక్కు కిందికి దిగాలి. అందరూ దిగారు. కింద తలలు చూసుకుంటే గౌరీసు లేడు. పోలమ్మ తడి గోనె నెత్తిన కప్పుకుని పైకెక్కింది. వాడు తీగల మధ్య ఇంకా నాచు తిరగేస్తూనే ఉన్నాడట, చెమట కూడా ఆగిపోయిందట. రమ్మంటే రాలేదు. ఆవిడ చెయ్యి పట్టి లాగితే తట్టుకుని పడ్డాడు. మెట్ల మీంచి ఆవిడే ఈడ్చుకొచ్చింది. మెట్ల కమ్మీలు కాలి ఆవిడ అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి.

నేను వెళ్లేసరికి ఒంటినిండా తడిగుడ్డలు వేశారు. పెదవులు తెల్లగా ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు. కూత వినపడలేదా అని అడిగాను.

“వినపడింది,” అన్నాడు. “నువ్వు ఇంకో వరస అన్నావు.”

తప్పు చేశానా అన్నట్టు నా మొహం చూస్తున్నాడు. నువ్వు తప్పేం చెయ్యలేదు అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే భయం వేసింది. అదే గొంతు. వాడికి తేడా ఎలా తెలుస్తుంది?

చెవిపలుకు వాడి చెవిలోనే ఉంది. తీసి మంచం పక్కన పెట్టాను. చెయ్యి చాపి మళ్లీ పెట్టుకున్నాడు.

మే 8

శశిరేఖ మేడమ్ నా మాట ఓపిగ్గా విన్నారు. జోగినాయుడికి హెచ్చరిక పంపారు. ఆయన కూత మోగినట్టు గమనించలేదని రాసిచ్చాడట. చెవిపలుకులోంచి నా గొంతు తీసెయ్యమని అడిగాను. వేరే గొంతు పెట్టి ఆసుపత్రిలోనే చూశారట. గౌరీసు మంచం దిగి గోడ మూలకి పోయాడట.

అసలు చెవిపలుకే తీసేస్తే? అప్పుడు మనిషి తోడు కావాలని రాయాలి. మనిషి తోడు గడువు అయిపోయింది. తోడు లేనిదే చెయ్యలేడు, తోడు ఇవ్వడానికి వీల్లేదు అంటే చట్టంలో దానికి ఒకటే అర్థం. ఆవిడ కొండవాసం అన్న మాట అనలేదు. కిటికీ వైపు చూశారు.

గొంతు నాది కదా, వెనక్కి తీసుకుంటాను అన్నాను. నేను సంతకం పెట్టానని గుర్తుచేశారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. గౌరీసు దగ్గర బాగా పనిచేసింది కాబట్టి మిగతా డెక్కుల మీద కూడా ఇదే గొంతు ఇస్తున్నారట. పనితోడుగా ఉండేవాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. మీ గొంతులో ఏదో నెమ్మది ఉంది సత్యవేణి గారూ, అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు.

మే 10

చిన్నమ్మలు ఇంటికి వెళ్లాను. గౌరీసు ఇంటికొచ్చాడు, అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. మళ్లీ డెక్కుకి ఎప్పుడు పోవాలని ఇప్పటికే అడుగుతున్నాడట. ఆ పనంటే వాడికి ప్రాణం. నీలం చొక్కా వేసుకుని లాంచీ ముందు కొసన కూర్చుని వెళ్లడం, నీళ్లు మొహం మీద చిమ్మితే కళ్లు మూసుకోవడం. చిప్పల షెడ్డులో ఉన్నప్పుడు వాడు ఇలా లేడు.

నా గొంతు తీయించడానికి తిరుగుతున్నానని చెబితే చిన్నమ్మలు మొహం మాడిపోయింది.

“తీసీకమ్మా,” అంది. “కొండకి పంపేత్తే ఆడు నాకు దక్కడు. ఎండలో ఉన్నా నా కళ్లముందుంటాడు.”

ఇంటికి పోతూ దారంతా ఆలోచించాను. గొంతు తీయలేను. జోగినాయుడి పక్కన రోజంతా కాపలా ఉండలేను. ఇక మిగిలింది ఒకటే. నా గొంతు చెప్పినా కాదనడం వాడికి నేర్పాలి. నేర్పడమే కదా నా పని. ఆదివారాలు నావి, వాటి మీద శాఖకి హక్కు లేదు.

మే 17

మొదటి పాఠం పాడైంది. గౌరీసు టీ గ్లాసు పట్టుకుని ఉంటే, అది నాకిచ్చెయ్ అన్నాను. ఇచ్చేశాడు. నీకు ఇష్టం లేకపోతే ఇవ్వకూడదు అని చెప్పి మళ్లీ అడిగాను. మళ్లీ ఇచ్చాడు. టీలో ఉప్పు వెయ్యమన్నాను. వేశాడు. తాగమంటే తాగేవాడే, నేనే గ్లాసు లాక్కున్నాను.

కాదు అని అను, అన్నాను. “కాదు,” అన్నాడు, నేను అనమన్నాను కాబట్టి.

చివరికి వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కకి కోపం వచ్చిందా అని వదినని అడిగాడు. చిన్నమ్మలు నా వంక చూసిన చూపు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

మే 24

ఎలా నేర్పాలో పనితోడు శిక్షణలో ఎవరూ చెప్పలేదు. చెప్పినట్టు చేయించడం ఎలాగో మాత్రం బాగా నేర్పారు.

ఈసారి కాదు అన్న మాట ఎత్తలేదు. మెడ మీద చెయ్యి పెట్టుకోమన్నాను. వేడిగా ఉందా చల్లగా ఉందా? గాబులో తడిగుడ్డ ముంచి వేశాను, ఇప్పుడెలా ఉంది? కాసేపు ఎండలో నిలబడ్డాం ఇద్దరం. మళ్లీ మెడ. కాలుతోంది అన్నాడు. కాలితే ఏం చెయ్యాలనిపిస్తోంది అని అడిగాను. వాడు చాలాసేపు నా మొహంలో జవాబు వెతికాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

వెనకనుంచి అడుగుల చప్పుడు వినపడింది. తిరిగి చూస్తే నీడలో కూర్చుని ఉన్నాడు.

జూన్ 7

డెక్కుకి మళ్లీ వెళ్తున్నాడు. చెవిపలుకుతోనే. ఎండలు అలాగే ఉన్నాయి, నాకు అన్నం దిగడం లేదు.

లాంచీలో వాడితో కలిసి ఎక్కాను. ముందు కొసకి పోతుంటే, అక్కడొద్దు, ఇవాళ లోపల కూర్చో అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆగాడు. లోపలి బల్ల చూశాడు. మెడ తడుముకున్నాడు, అక్కడేదో జవాబు ఉన్నట్టు. తర్వాత పోయి ముందు కొస మీదే కూర్చున్నాడు.

నాకు వినపడీ వినపడనట్టు, “కాదు,” అన్నాడు.

చప్పట్లు కొట్టాలనిపించింది. కొడితే అది కూడా నేను చెప్పిన పనే అయిపోతుందని లోపలికి పోయి కూర్చున్నాను.

జూన్ 19

ఈ రోజు జరిగింది పోలమ్మ చెప్పింది. నేను లేను.

పొద్దెక్కి కూత మోగింది. వాన మబ్బు కనపడుతోంది, తీగల మీద ఆరిన నాచు ఉంది, తడిస్తే మొత్తం కుళ్లిపోతుంది. జోగినాయుడు నాచు ఎత్తెయ్యమని పలక మీద కొట్టాడు. గౌరీసు ఆగి, మెడ మీద చెయ్యి పెట్టుకుని, కర్ర తీగకి ఆనించి మెట్ల వైపు నడిచాడట. చెవిలో నా గొంతు మళ్లీ మళ్లీ పిలుస్తున్నట్టుంది, మెట్టు మెట్టుకీ ఆగి “కాదక్కా” అంటూ దిగాడట. చివరి మెట్టు మీద ఏడ్చాడట.

వరస మొత్తం తడిసింది. జోగినాయుడు శాఖకి రాశాడు, చెప్పిన పని గౌరీసు నిరాకరించాడని. సమీక్ష పెట్టారు. రెండో అవకాశంలో నిరాకరణ అంటే ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు.

నేర్పింది నేను. కొండకి పోయేది వాడు. ఇంతకంటే రాయలేకపోతున్నాను.

జూన్ 23

సమీక్షకి ముందు అన్ని చోట్లకీ పరుగులు పెట్టాను. వలల షెడ్డు యజమానిని బతిమాలాను. గౌరీసుకి అక్కడ వల చుట్టే పని ఇస్తాడు, రోజంతా నేను ఎలాగూ అక్కడే ఉంటాను, చెవిపలుకు అక్కర్లేదు. శశిరేఖ మేడమ్ కూడా అది కుదిరేలా ఉందన్నారు. చిన్నమ్మలు నా చేతులు పట్టుకుంది. గౌరీసుకి రేపు సమీక్షలోనే చెబుదాం, ముందే చెబితే కంగారు పడతాడని అనుకున్నాం.

జూన్ 24

శాఖ గదిలో ఒక బల్ల చుట్టూ కూర్చున్నాం. ఎదురుగా శశిరేఖ మేడమ్. జోగినాయుడు, పోలమ్మ, చిన్నమ్మలు, గౌరీసు, నేను. గౌరీసు ఉతికిన నీలం చొక్కా వేసుకొచ్చాడు.

జోగినాయుడు రాసిందే చెప్పాడు. పని చెడిందని, మాట వినని మనిషిని పెట్టుకోలేనని. కూత మోగిందా లేదా అని మేడమ్ అడిగారు. అప్పుడే మొదలైంది అన్నాడు. ఎందుకు దిగిపోయావని గౌరీసుని అడిగారు.

“మెడ కాలింది. దిగిపోయాను,” అన్నాడు.

జోగినాయుడు బల్ల వైపు చూశాడు. మేడమ్ కూత తర్వాత పని చెప్పడం తప్పే గనక నిరాకరణ అని రాయబోనన్నారు. కానీ చెవిపలుకు మాట వినడం మానేశాడు కాబట్టి తోడు లేనట్టేనని, దానికి ఏదో ఒక దారి చూడాలని అన్నారు.

అప్పుడు నేను వలల షెడ్డు సంగతి చెప్పాను. గౌరీసు వైపు తిరిగి, నాకున్న నెమ్మదంతా తెచ్చుకుని, రేపటినుంచి నాతో వద్దువుగానిరా, రోజూ అక్క పక్కనే ఉంటుంది అన్నాను. వాడు నవ్వుతాడని అనుకున్నాను.

మెడ మీద చెయ్యి పెట్టుకోలేదు. నా కళ్లలోకి సూటిగా చూశాడు.

“కాదక్కా,” అన్నాడు. “నాకు నాచు పనే కావాలి.”

చిన్నమ్మలు వాడి మోకాలు తట్టి, అక్క మంచికే చెబుతోంది అంది. వాడు వినలేదు. చెవిలోంచి ఆ చింతగింజంత దాన్ని పీకి నా ముందు బల్ల మీద పెట్టాడు. “ఇది వద్దు. పోలమ్మ సెప్తాది.”

చట్టంలో అలాంటి తోడు లేదు. పక్క మనిషి తోడుగా ఉండొచ్చని ఎక్కడా రాసిలేదు, ఉండకూడదనీ లేదు. మేడమ్ పోలమ్మని అడిగారు. ఆవిడ బొబ్బలు మానిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ఇప్పుడు సెప్తన్నది ఎవరు, నానే కదా,” అంది. “కూత వినపడితే దిగుదాం రా అంటాను, కారియరు ఇప్పుకో అంటాను. దానికి నాకు పేరు పెట్టక్కర్లేదు. నా తడి మోపులు ఆడు దించితే సాలు, నా నడుం పడిపోతంది.”

దించుతాను అన్నాడు గౌరీసు.

చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి వానలు వెళ్లేదాకా అలా చేసి చూడమన్నారు. ఆ తర్వాత మళ్లీ చూస్తారు. కొండ మాట వాయిదా పడింది, పోలేదు. జోగినాయుడు సణిగాడు గానీ సంతకం పెట్టాడు. గౌరీసు పత్రాల్లోంచి నా పేరు కొట్టేశారు, ఇక నేను వాడికి ఏమీ కాను.

బయటికొచ్చాక వాడు నా దగ్గరికి వచ్చాడు. కోపమా అని అడిగాడు. కొంచెం అన్నాను, ఎందుకంటే అది నిజం. వాడు తల ఊపి, లాంచీకి ఆలస్యమైపోతోందని పోలమ్మ వెంట వెళ్లిపోయాడు. రేవు దగ్గర నిలబడి ఏడ్చాను.

జూలై 5

వాన. గౌరీసు బాగానే ఉన్నాడని చిన్నమ్మలు చెప్పింది. ఒకరోజు పోలమ్మకి జ్వరం వస్తే కూలబడ్డాడట, ఇంకొకామె వచ్చి లేపిందట. మర్నాడు మళ్లీ మామూలే.

నా గొంతు మాత్రం మిగతా డెక్కుల మీద పలుకుతూనే ఉంది. ఎక్కడెక్కడో మేడమ్‌ని అడిగి తెలుసుకున్నాను. ఈ ఆదివారం ఉత్తరపు డెక్కు కాలనీకి వెళ్లాను. అక్కడ తవిటమ్మ అనే ఆమె చెవిలో ఉన్నాను. ముప్పై దాటిన మనిషి, అక్కతో ఉంటుంది. ఇంటి ముందు చూరు కింద కూర్చుని తల దువ్వుకుంటోంది. నన్ను ఎప్పుడూ చూడలేదు.

తవిటమ్మా, బాగున్నావా అన్నాను.

గబుక్కున లేచి నిలబడింది. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది. చేతులు కిందికి వేలాడేసి, తర్వాత ఏం చెబుతానా అని చూస్తోంది. కూర్చో అన్నాను. వెంటనే కూర్చుంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఇంకేం అనలేదు. ఆమె పక్కనే మెట్టు మీద నేనూ కూర్చున్నాను. చూరు మీంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె నా నోటి వంకే చూస్తోంది. నేను వాన వంక చూశాను. ఒకటి రెండుసార్లు ఏదో చెప్పబోయి నాలుక కరుచుకున్నాను.

ఆ తర్వాత ఆమె మెల్లగా చెయ్యి పైకెత్తి, తనంతట తనే, దువ్వుకోవడం మొదలుపెట్టింది.